క్లచ్ కాలు

ఇరవై ఆరేండ్లు
స్టీరింగు పట్టుకున్న చేతులే బండి నడిపినాయనుకున్నా.
ప్రమాదం చేయని డ్రైవరని
డిపోలో దండేస్తే మెడకు,
శాలువా కప్పితే భుజాలకు.
ఎడమ కాలికి ఎవురేమిచ్చిరి?
మడమ కాడ అరిగిన చెప్పు.

మోకాలు కోసి కుట్టిన పదో దినం
మెహజబీన్ టేపు పట్టుకోనొచ్చింది.
చిప్పకు జానెడు పైన
కుడి తొడ చుట్టూ ఒకసారి, ఎడమ తొడ చుట్టూ ఒకసారి.
"రెండించీలు తక్కువుండాదన్నా" అనింది
చెవి మీద పెన్సిలుతో, టైలరు మాదిరి.
ఆ రెండించీలు యాడికి పోయినాయో
పక్క దులిపినా దొరకలేదు.

మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి
"దాన్ని మంచానికేసి తొక్కు, తొడ బిగించు" అంటది.
బిగించినా.
పండ్లు బిగిసినాయి, పిడికిళ్లు బిగిసినాయి,
మెడ నరాలు బిగిసినాయి.
తొడ మాత్రం నన్ను కాదన్నట్ల పండుకోనుండాది,
చలికాలం తెల్లారుజామున సెల్ఫు కొడితే
టిక్కుమని ఊరుకునే బండి మాదిరి.
"కండ చావలేదన్నా,
నొప్పికి భయపడి దాక్కునింది. తట్టి లేపు."

తెర మీద మా సీమోడు తొడ కొడితే
సుమోలు గాల్లోకి లేస్తాయి.
నేను మూడు వేళ్లతో,
జ్వరమొచ్చిన బిడ్డ వీపు తట్టినట్ల
నా తొడను నేనే తట్టుకుంటాండా.
లెయ్ నాయనా, లెయ్.
గడప కాడ మాబున్ని కొంగు అడ్డం పెట్టుకోని నవ్వుతాంది.

నాలుగో వారం
చిప్ప పైన, లోపలి పక్క
చీమ పాకినంత కదిలింది.
మాబున్నీ, చూడు చూడు అని అరిచినా.
పొయ్యి కాడ నుంచి ఆమె వచ్చేలోపల
అణిగిపోయింది.
అయినా ఆ పొద్దు ఇంట్లో సేమ్యా పాయసం.

పాత ఖాకీ ప్యాంటు ఎడమ కాలు కత్తిరించి
సంచి కుట్టింది.
బుగ్గవంక ఇసుక పోసి
కూరగాయలంగట్లో తూచి, అర్ధ కిలో.
మడమకు కట్టుకోని, కాలు వంచకుండా జానెడెత్తి
పది లెక్కపెట్టాల.
ఒకట్లు రెండ్లు నాకు సాగవు.
గువ్వలచెరువు ఘాటు మలుపులు లెక్కపెట్టినా:
లారీ పడిన మలుపు,
కోతులు కూచునే పిట్టగోడ,
ఎదురుబండి కనపడని మలుపు, హారన్,
మూడో గేరు, రెండో గేరు,
ఆరో మలుపులో తొడ వణికింది
ఏడో మలుపులో కాలు గుండు మాదిరి దిగింది.
దినమూ ఆడనే.
ఏడో మలుపులో బ్రేక్‌డౌన్.

ఒక రాత్రి నిద్ర పట్టక లెక్కేసినా.
ట్రిప్పుకెన్ని గేర్లు, దినానికెన్ని ట్రిప్పులు,
ఏడాదికెన్ని దినాలు,
సెలవులు తీసేసినా కోటి దాటింది.
కోటిసార్లు తొక్కిన కాలు
ఒక్కసారన్నా నాతో మాట్లాడలేదు.
మాట్లాడిందేమో.
ఇంజను మోతలో ఇనపడలేదేమో.

గోడకానుకోని సగం గుంజీలు.
బడిలో ఏ తప్పుకు తీయించినారో గుర్తుండాది,
ఇప్పుడు ఏ తప్పుకు తీస్తాన్నానో తెలీదు.
మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు,
దిగేటప్పుడు చెడ్డకాలు ముందని
మెహజబీన్ చెప్పింది.
మాబున్నికి కోపమొచ్చింది:
"చెడ్డకాలనొద్దు తల్లీ.
మాకు కూడు పెట్టిన కాలు అది."

టేపు ఇంగా ముప్పావించి తక్కువే చెప్తాంది.
ఫిట్‌నెస్ పరీక్షకు నెలుండాది.
పాసైతే బండి, లేదంటే టికెట్ల గదిలో కుర్చీ.
ఆ మాట ఇంట్లో ఎవురమూ ఎత్తం.

నిన్న రాయచోటి బస్సెక్కినా.
కండక్టరు ఎర్రన్న చెయ్యిచ్చినాడు, వద్దన్నా.
ఆ మెట్టు అంత ఎత్తని
ఇన్నేండ్లకు తెలిసింది.
డ్రైవరు సీటెనక కూచున్నా.
పిల్లోడు, చెన్నరాయుడు, కొత్తగా చేరినాడు.

ఘాటు మొదలైంది.
వాడు గేరు మార్చేదానికంటే ముందే
నా ఎడమ తొడ బిగిసింది.
నేను చెప్పలేదు. తట్టలేదు.
ఇంకో మలుపు, మళ్లా బిగిసింది.
చెయ్యేసి చూస్తే గట్టిగా, ఎచ్చగా.
ఏడో మలుపు ఎప్పుడు దాటిపోయిందో,
కిటికీలో పాలకోవా అంగళ్లు కనపడినాక చూసుకున్నా.

దిగేటప్పుడు పిల్లోని భుజం మీద చెయ్యేసి
"ఊరికే దాని మీద బరువెయ్యొద్దురా,
తెలీకుండానే అరిగిపోతాది" అన్నా.
సరేన్నా అన్నాడు వాడు.
క్లచ్ ప్లేట్ల గురించనుకున్నాడు.